దోహదం

తెలుగులో మనం నిత్యం వాడే మాటలలో ‘దోహదం’ ఒకటి. ‘ఈ పథకం గ్రామాభివృద్ధికి దోహదం చేస్తుంది’ అని వార్తాపత్రికలు రాస్తాయి. ‘మంచి అలవాట్లు ఆరోగ్యానికి దోహదపడతాయి’ అని పెద్దలు చెబుతారు. తోడ్పాటు అనే అర్థంలో ఈ మాట మన భాషలో స్థిరపడిపోయింది. అయితే దీని పుట్టుక వేరు. గర్భిణి మనసులో కలిగే కోరికకు దోహదమని పేరు. ఆ సమయంలో ఆమె ఏది కోరితే అది తెచ్చి పెట్టడం ఇంటివారి ధర్మం. ప్రాచీన కవులు ఈ మాటను చెట్లకు అన్వయించారు. పూత పట్టబోయే చెట్టు కూడా గర్భిణి వంటిదేననీ, దానికీ ఒక కోరిక ఉంటుందనీ, అది తీరినప్పుడే పూస్తుందనీ భావించారు.

ఏ చెట్టు కోరిక దానిదే. అశోకం యువతి పాదతాడనాన్ని కోరుతుంది. పొగడ ఆమె పుక్కిలించిన మద్యాన్ని కోరుతుంది. కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుని ఇంటి తోటలో ఈ రెండు చెట్లనూ పక్కపక్కనే నిలిపాడు. ‘మాళవికాగ్నిమిత్రం’లో రాణి ధారిణి ఉయ్యాల మీదినుండి పడి కాలు నొప్పిచేసుకుంటుంది. తాను తీర్చవలసిన అశోకదోహదాన్ని మాళవికకు అప్పగిస్తుంది. ఆ నాటకంలో కథ మలుపు తిరగడానికి ఒక చెట్టు కోరికే కారణమైంది.

ఇవన్నీ కవిసమయాలు. కాలితో తన్నితే అశోకం పూయదని ఆ కవులకూ తెలుసు. కానీ ఈ కల్పన వెనుక ఒక సత్యం దాగి ఉంది. చెట్టు మన ఇష్టప్రకారం పూయదు. తన కోరిక తీరినప్పుడు పూస్తుంది. ఆ కోరిక తెలుసుకోవడం నాటేవాని బాధ్యత. చాలాకాలం ఈ మాటను తరగతి గదిలో అలంకారంగానే బోధించాను. మా ఇంటి ముందు ఒక పూలమొక్క నాటవలసి వచ్చినప్పుడు, అది తోటపనిలో మొదటి సూత్రమని నాకు అర్థమైంది.

మాది కోనసీమలో ఒక చిన్న గ్రామం. కాలువ గట్టున ఇల్లు, ఒండ్రుమట్టి, చేద వేస్తే చేతికందే బావినీరు. అక్కడ మొక్కను ఎన్నుకోవడమన్న ప్రశ్నే తలెత్తదు. విరిగిన కొమ్మను గుచ్చినా చిగురిస్తుంది. ఉద్యోగరీత్యా నేను అనంతపురంలో స్థిరపడ్డాను. ఊరి చివర కొత్తగా ఏర్పడిన వీధిలో ఇల్లు కట్టుకున్నాను. ప్రహరీగోడకూ వీధి అరుగుకూ నడుమ, తూర్పు వైపున నాలుగడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గల మట్టి నేల మిగిలింది. అందులో సగం నీళ్ళతొట్టి ఆక్రమించింది. మిగిలినది ఒకే ఒక్క పూలపొదకు సరిపోయే చోటు.

2013లో నాన్నగారు కాలం చేశారు. ఊళ్ళో ఇంటికి తాళం వేసి అమ్మను మా దగ్గరకు తీసుకువచ్చాం. డెబ్బయి ఏళ్ళు కాలువ గాలి పీల్చిన మనిషి ఒక్కసారిగా ఎర్రనేలల మధ్యకు వచ్చింది. ఇక్కడి ఎండ వేరు, నీటి రుచి వేరు, ఇరుగుపొరుగువారి మాటతీరు వేరు. ఏ లోటూ చెప్పేది కాదు. కానీ అన్నం తగ్గించింది. పొద్దున్నే లేచి స్నానం చేసి, పూలసజ్జ చేతపట్టుకొని వాకిట్లోకి వచ్చి, అక్కడేమీ లేదని గుర్తుకు వచ్చి లోపలికి వెళ్ళిపోయేది. బజారునుండి నేను తెచ్చే పొట్లంలోని పూలు దేవుడి ముందు పెట్టేది కాని, అవి ఆమెకు తృప్తినిచ్చేవి కావు. ‘కొన్న పూలతో పూజ చేస్తుంటే ఎరువు తెచ్చిన నగ పెట్టుకొన్నట్టుందిరా’ అన్నదొకనాడు. నెలలోపలే, ‘నన్ను ఊళ్ళో దింపేయరా అబ్బాయ్’ అని రెండుమూడు సార్లు అన్నది. ఆ ఆరడుగుల నేలలో ఏ మొక్క నాటాలన్నది అప్పటినుండి మా ఇంట్లో చిన్న విషయం కాకుండా పోయింది.

అమ్మ కోరినది నూరువరహాల మొక్క. ఊళ్ళో మా తులసికోట పక్కన నిలువెత్తు పొద ఉండేది. ఎర్రని పూలగుత్తులు విచ్చితే ఆకులు కనిపించేవి కావు. చిన్న పూలు గుత్తిగా చేరి, పేరుకు తగినట్టు నూరు బంగారునాణాలు కుప్పపోసినట్టు ఉంటాయి. కడియం ప్రాంతపు నర్సరీలలో ఆ మొక్కకు కొదవలేదు. తెచ్చి నాటడం ఒక్క రోజు పని. కానీ మా వీధిలో మూడిళ్ళలో నూరువరహాల మొక్కలు ఉన్నాయి. మూడింటిలోనూ ఆకులు పసుపు పచ్చగా పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి ఉన్నాయి. పూలగుత్తులు పిడికెడు కూడా లేవు.

మా కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే మిత్రుడొకరు కారణం వివరించారు. నూరువరహాల మొక్కకు కొంచెం ఆమ్లగుణం గల నేల కావాలి. సున్నపు పాలు ఎక్కువగా ఉండే క్షారనేలలో ఇనుము ఉన్నా, దాని వేరు ఆ ఇనుమును గ్రహించలేదు. అందువల్ల ఆకులో పత్రహరితం తగ్గుతుంది. అంతటితో ఆగక ఆయన ప్రయోగశాలనుండి పలుచని ఆమ్లం తెచ్చి, మా గోడ పక్కనుండి తీసిన పిడికెడు మట్టిపై నాలుగు చుక్కలు వేశారు. మట్టి సన్నగా బుసబుసమని పొంగింది. అది సున్నం ఉన్నదనడానికి గుర్తు. నేల సహజగుణానికి తోడు, ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు గోడ వెంట పారబోసిన సిమెంటు, సున్నం కూడా అందులో కలిసి ఉన్నాయి. కొత్త ఇళ్ళ గోడల పక్కన మొక్కలు ఎదగకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం. అందుచేత నాటడానికి ముందు అక్కడి మట్టిని రెండడుగుల లోతు తీసివేసి, పొలం మట్టి, చివికిన పశువుల ఎరువు నింపాలి. అయినా వేరు విస్తరించే కొద్దీ మళ్ళీ ఆ నేలలోకే చేరుతుంది కనుక, నేల గుణానికి లొంగే మొక్కనే ఎన్నుకోవడం మేలు.

ఈ సంగతి అమ్మకు ఎలా చెప్పాలా అని సందేహించాను. ఆమెను వెంటబెట్టుకొని వీధిలోని ఆ మూడు మొక్కలనూ చూపించాను. పాలిపోయిన ఆకును వేళ్ళతో నిమిరి, ‘మట్టి ఒప్పుకోకపోతే మనం బతిమాలి ఏం లాభంరా!’ అన్నది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. ఆ మాట మొక్కను గురించి మాత్రమే అన్నదా అని నేను చాలాసేపు ఆలోచించాను.

మట్టి తరువాత చూడవలసినది నీరు. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. గోదావరి డెల్టాలో కురిసేది దాదాపు దానికి రెట్టింపు. నైరృతి రుతుపవనాలు పశ్చిమ కనుమల అవతలే చాలావరకు కురిసి వెళ్ళిపోతాయి; ఈశాన్య రుతుపవనాల బలం కోస్తాలోనే తగ్గిపోతుంది. ఇక్కడ వేసవిలో మా వీధికి కొళాయి నీరు వంతులవారీగా వస్తుంది. బోరునీటిలో ఉప్పదనం ఉంటుంది. ఇంటిల్లిపాదికీ బిందెలు లెక్కపెట్టుకొనే చోట, రోజుకు రెండు బిందెలు తాగే మొక్కను నాటడం ఆ మొక్కకూ మనకూ శిక్షే. నీరు అందకపోవడం ఒక కష్టమైతే, నీరు నిలవడం మరొక కష్టం. దీనిని పరీక్షించడం సులభం. అడుగున్నర లోతు గుంట తవ్వి నిండా నీరు పోయాలి. కొన్ని గంటలలో ఇంకిపోతే మంచిది. మరునాటికీ నీరు నిలిచి ఉంటే అక్కడ నాటిన మొక్క వేరు కుళ్ళుతుంది. మా గుంటలో నీరు గంటన్నరలో ఇంకింది.

అమ్మ రెండవ కోరిక మందారం. ఎర్రమందారం అమ్మవారికి ప్రీతి. మందారం ఈ నేలలో పెరగదని చెప్పలేం. కానీ వేసవిలో దానికి విడవకుండా నీరు పెట్టాలి. పైగా పిండినల్లికి అది ఇష్టమైన విడిది. లేత కొమ్మల కొసలలో తెల్లని దూదివంటి పురుగులు చేరి రసం పీలుస్తాయి; వాటి తీపికోసం చీమలు బారులు తీరుతాయి. ప్రతివారం ఆకుల అడుగు భాగం చూసి కడగగల ఓపిక ఉన్నవారికి మందారం మంచి మొక్కే. మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మకు, ఉదయమే కళాశాలకు పరుగెత్తే మాకు ఆ తీరిక లేదు. ఎవరు పెంచుతారన్నది కూడా ఎంపికలో ఒక భాగం.

ఇక్కడ పేర్లను గురించి ఒక మాట చెప్పాలి. మందారమని మనం పిలిచే పువ్వు సంస్కృతంలో జపాకుసుమం. మందారమన్నది అక్కడ దేవలోకపు వృక్షం. అమరసింహుడు చెప్పిన అయిదు దేవతరువులు మందారం, పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం. మన వాకిట్లో తెల్లవారుజామున రాలే కాషాయపు తొడిమల పారిజాతాన్ని సంస్కృత కవులు శేఫాలిక అన్నారు. స్వర్గంలోని పేర్లను భూమిమీది పూలకు పెట్టుకోవడం మన ప్రజల రసికత. అందులో తప్పు లేదు. కానీ నర్సరీలో మొక్క కొనేటప్పుడు పేరు ఒక్కటే చాలదు. ‘గన్నేరు’ అనే మాటనే తీసుకొందాం. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు అని నాలుగు మొక్కలున్నాయి. నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవే కాని, గుణాలు వేరు. బిళ్ళగన్నేరునుండి రక్త క్యాన్సరు చికిత్సకు వాడే మందులు తీస్తారు. గన్నేరులో, పచ్చగన్నేరులో గుండెపై పనిచేసే తీవ్రమైన విషం ఉంది. వాటి ఆకు, పువ్వు, కాయ, బెరడు, వేరు అన్నీ ప్రమాదకరమే.

గన్నేరు పేరు ఎత్తడానికి కారణముంది. నర్సరీ యజమాని మాకు మొదట సూచించినది దానినే. ‘నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది సార్, ఏడాదంతా పూస్తుంది’ అన్నాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు. ఎండను, ఉప్పునీటిని, నాసి నేలను గన్నేరు ఓర్చుకొంటుంది. పూలు కూడా కంటికి ఇంపుగా ఉంటాయి. కానీ మా చిన్నమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. కనిపించిన ఆకునల్లా తుంచి బొమ్మలకు ‘అన్నం’ వడ్డించే వయసు. అటువంటి ఇంట్లో గన్నేరుకు చోటులేదు. పశువులు మేసే దారి పక్కన కూడా దానిని నాటకూడదు. అయితే అంతమాత్రాన గన్నేరు చెడ్డ మొక్క అయిపోదు. జాతీయ రహదారులపై ఎదురెదురు దారుల నడుమ ఉన్న ఇరుకు నేలను చూడండి. పొగ, దుమ్ము, ఎండ, నీటి కరవు. పశువులు ముట్టని గన్నేరే అక్కడ ఎర్రగా, గులాబిరంగులో విరగబూసి నిలుస్తుంది. ఇంట ఉండకూడని గుణమే అక్కడ దానిని కాపాడుతున్నది. మొక్కలలో మంచీచెడూ చాలావరకు చోటును బట్టే నిర్ణయమవుతాయి.

ఆ రహదారులపైనే కనిపించే మరో పొద కాగితంపూలు. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ 1766 నుండి 1769 వరకు ప్రపంచయాత్ర చేశాడు. ఆ యాత్రలో దక్షిణ అమెరికా తీరాన కనుగొన్న ఈ మొక్కకు ఆయన పేరే పెట్టారు. మనం రంగుపూలు అనుకొనేవి నిజానికి పూలు కావు. పూవును కాపాడే రంగు ఆకులు. వాటి నడుమ సన్నగా, తెల్లగా కనిపించేదే అసలు పువ్వు. నీరు తక్కువైనప్పుడే ఇది ఎక్కువగా పూస్తుంది. అనంతపురం వాతావరణానికి ఎంతో అనువైన మొక్క. మా శ్రీమతి మనసు దానిపైనే ఉన్నది. కానీ నాలుగడుగుల నేలలో, పిల్లలు తిరిగే గుమ్మం పక్కన, వాడి ముళ్ళతో చేయి చాచే పొదను అదుపులో పెట్టడం కష్టం. ‘అత్తయ్యకు పూజకు పనికిరాని పువ్వు ఎందుకులెండి’ అని ఆమే తన కోరికను విరమించుకొన్నది.

తరువాత పారిజాతం మాట వచ్చింది. పొడినేలను, కొండవాలును ఇష్టపడే మొక్క. ఎక్కువ నీరు అడగదు. శ్రావణం నుండి మార్గశిరం దాకా రాత్రిపూట విచ్చి, తెల్లవారేసరికి వాకిట రాలుతుంది. నేలరాలిన పూలు పూజకు పనికిరావన్న నియమం పారిజాతానికి వర్తించదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ బోధించిన ప్రతి ఏడూ ఆ చెట్టు మా ఇంట ఉంటే బాగుండునని నాకు అనిపించేది. రుక్మిణికి ఇచ్చిన ఒక్క పువ్వు కోసం అలిగిన సత్యభామకు శ్రీకృష్ణుడు చెట్టునే తెచ్చి పెరట నాటించాడు. స్వర్గంలోని చెట్టుకు ద్వారక మట్టి పడుతుందా అని ఆ కావ్యంలో ఎవరూ అడగలేదు. కావ్యంలో అడగనక్కరలేదు, ఇంటి వాకిట మాత్రం అడగాలి. మట్టి పడినా మా వాకిట్లో మరొక అడ్డంకి ఉన్నది. పారిజాతం పదిపదిహేనడుగులు సునాయాసంగా పెరుగుతుంది. నాలుగడుగుల నేలకు అది పెద్ద చెట్టు. దానికి మించిన సంగతి, ఆ పూలు ఏరాలంటే నేలకు వంగాలి. అమ్మ నడుము వంగే స్థితిలో లేదు. కోసేవారి చేతి ఎత్తుకు పూసే మొక్క కావాలి.

మట్టి, నీరు, ఎండ, చోటు, ఇంట్లోని పిల్లలు, పెంచేవారి ఓపిక, కోసేవారి చేయి. ఇన్ని ప్రశ్నలు అడిగి ఇన్ని మొక్కలను పక్కన పెట్టిన తరువాత సమాధానం మాకు ఎదురింటినుండే వచ్చింది. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. ప్రతి సాయంకాలం గుమ్మంలో కూర్చొని మా వాకిట్లోని గుంటను, దాని చుట్టూ మా చర్చలను గమనించేవారు. ఒకనాడు వీధి దాటి వచ్చి అమ్మతో, ‘ఏమ్మా, ఇన్ని దినాలు గుంత తవ్వి పెట్టినారు, ఏమీ నాటలేదే? మా ఇంట్లో నందివర్ధనముంది. ఇరవై ఏండ్లాయె. కొమ్మ ఇస్తా, పెట్టుకో’ అన్నారు.

ఆ మొక్క రోజూ మా కళ్ళ ముందే ఉన్నది. అదే వీధి, అదే మట్టి, అదే బోరునీరు. ఇరవై ఏళ్ళుగా ఆకు పాలిపోకుండా, ఏ కాలంలోనూ పూలు లేకుండా పోకుండా నిలిచి ఉన్నది. కొత్త ఊళ్ళో మొక్కను ఎన్నుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం ఉండదు. పుస్తకాలు, నర్సరీలు చెప్పేదానికంటే ముందు ఇరుగుపొరుగు వాకిళ్ళు చూడాలి. ఎవరి ఇంట ఏది పదేళ్ళుగా నిలిచిందో అదే ఆ నేల ఇచ్చే సమాధానం.

నందివర్ధనం మన దేశపు మొక్క. ఆరేడడుగులకు మించకుండా కత్తిరించి పెంచవచ్చు. ముళ్ళు లేవు. నిగనిగలాడే ఆకుల నడుమ తెల్లని అయిదు రేకుల పువ్వు గాలికి తిరిగే చక్రంలా మెలితిరిగి ఉంటుంది. అందుకే సంస్కృతంలో నంద్యావర్తమన్నారు, ఆవర్తమంటే సుడి. మన వాడుకలో అది నందివర్ధనమైంది. నంది అంటే ఆనందం, వర్ధనమంటే పెంపొందించేది. ముద్ద నందివర్ధనం, రేక నందివర్ధనం అని రెండు విధాలు. తెలుపు రంగు, సాయంత్రం వేళ హెచ్చే పరిమళం రాత్రి తిరిగే చిమ్మటలను పిలవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. ఇదీ గన్నేరు కుటుంబానికి చెందినదే. ఆకు తుంచితే పాలు కారుతాయి. అది నోటికి, కంటికి తగలరాదని మా అమ్మాయికి తొలిరోజే చెప్పాం. అయినా గన్నేరుతో పోల్చదగినంత ప్రమాదం దీనిలో లేదు.

భాద్రపదమాసం. అనంతపురంలో వానలకు అదే అదను. పెద్దావిడ పెన్సిలంత లావుగల కొమ్మలను జానెడు పొడవున కోసి ఇచ్చారు. కింది ఆకులు తీసివేసి, కారే పాలు ఆరనిచ్చి, నాలుగింటిని కుండీలో నీడన గుచ్చాం. ఒకటి ఎండిపోయింది, మూడు చిగురించాయి. వాటిలో బలమైనదానిని మార్గశిరంలో గుంటలోకి మార్చాం. నర్సరీలో కొనేవారు కూడా ఒక సంగతి గమనించాలి. నిండా పూలున్న మొక్కను చూసి మోసపోకూడదు. ఆకుల అడుగున పురుగులున్నాయేమో, సంచిలో వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయాయేమో చూడాలి. పరదా నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో నాటకుండా, వారం పది రోజులు కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేయాలి.

మొదటి వేసవి కఠినంగా గడిచింది. పాదులో వేరుశనగ పొట్టు మందంగా పరచాం. దానివల్ల తేమ నిలిచి, మూడు రోజులకొకసారి ఒక బిందె నీరు సరిపోయింది. ఆ బిందె అమ్మదే. బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు దాచి ఉంచి పోసేది. మొక్క వాడినట్టు కనిపిస్తే ఎదురింటికి వెళ్ళి అడిగి వచ్చేది. అలా మొదలైన రాకపోకలు క్రమంగా మొక్కను దాటాయి. గోదావరి తీరపు మాటకూ రాయలసీమ మాటకూ నడుమ మొదట్లో ఉన్న మొహమాటం తొలగిపోయింది. ఒకరికి పూతరేకులు, మరొకరికి ఓళిగలు వీధి దాటాయి. రెండవ ఏట శ్రావణంలో అమ్మ తొలిసారి సజ్జనిండా పూలు కోసుకొని లోపలికి వచ్చింది. ఆమె ఊరి మాట మానలేదు. ఊరిని మరచిపోవడం ఎవరి తరమూ కాదు. కానీ దింపేయమన్న మాట మాత్రం మళ్ళీ వినలేదు. అమ్మ ఆ ఇంట తొమ్మిదేళ్ళు ఉన్నది. కొత్తగా వీధిలోకి వచ్చినవారికి ప్రతి భాద్రపదంలోనూ తన చేత్తో నందివర్ధనం కొమ్మలు కోసి ఇచ్చేది. ‘ఈ నేలకు ఇది ఒప్పుతుంది, పెట్టుకోండి’ అని ఆ ఊరి మాటలోనే చెప్పేది.

మన ఎంపిక ప్రహరీగోడకు లోపలే ఆగిపోతుందని కూడా అనుకోరాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందిన లాంటానా పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో తోటల అలంకారం కోసమే మన దేశానికి వచ్చింది. దాని పండ్లను పక్షులు తిని విత్తనాలను చల్లగా, ఇప్పుడది అడవులలో గడ్డిని, దేశీయ మొక్కలను అణచివేసి దట్టమైన పొదలుగా అల్లుకుపోయింది. పశువులకు దాని ఆకు విషం. ఒక తోటమాలి ముచ్చట ఒక అడవికి బరువైంది. మనం నాటేది రేపు ఎంత దూరం పాకుతుందో ఈనాడే ఆలోచించడం కూడా మన బాధ్యత.

విద్యార్థులారా! మీలో చాలామంది రేపు చదువుకో, ఉద్యోగానికో పుట్టిన ఊరు విడిచి వెళతారు. ఎక్కడో ఒకచోట మీకూ ఒక ఇల్లు, ఒక వాకిలి, కనీసం ఒక కుండీ ఉంటుంది. అందులో ఒక పూలమొక్క నాటండి. నాటేముందు నేలను అడగండి, నీటిని అడగండి, ఎండను అడగండి. పక్కింటివారిని తప్పక అడగండి. ‘నాకు ఏ పువ్వు ఇష్టం?’ అన్న ప్రశ్నను చివరకు ఉంచండి. అప్పుడు మిగిలిన రెండుమూడు మొక్కలలో మీకు నచ్చినది ఏదైనా మీ ఇంట పూస్తుంది. మొక్క విషయంలోనే కాదు, మన ఇంటికి వచ్చి చేరిన మనిషి విషయంలోనూ ఇదే వరుస. వారికి ఏమి కావాలో మనమే ఊహించి పెట్టడం కంటే, వారు దేనికి వేరూనగలరో కనిపెట్టి దానిని అందించడం మేలు. దోహదమన్న మాటకు మన పూర్వులు ఇచ్చిన అర్థం అదే.